కదలని చేప కడుపు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు. మూడో తరగతి చదివే మా బాబు సరదా పడితే 3 అడుగుల అక్వేరియం పెట్టాం. అందులో 4 గోల్డ్‌ఫిష్‌లు, 5 టైగర్ బార్బ్‌లు ఉన్నాయి. అద్దాలకు నాచు పడుతుంటే రెండు నెలల కిందట షాపువాళ్లు ఒక విప్‌టెయిల్ క్యాట్‌ఫిష్ ఇచ్చి, "ఇది ఉంటే తొట్టె కడగక్కర్లేదు, ఎవరి జోలికీ పోదు" అన్నారు. నిజంగానే ఎవరి జోలికీ పోదు. కానీ నాచు కూడా తినడం లేదు. రోజంతా రంగురాళ్ల మీద పుల్లముక్కలా పడి ఉంటుంది. అత్తయ్యగారు అది చచ్చిపోయిందనుకుంటారు, బాబు ఏడుస్తాడు. ఈమధ్య దాని కడుపు లోపలికి పోయినట్టుంది. తోక చివర పొడవాటి పోగు తెగిపోయింది. జబ్బేమోనని గుప్పెడు రాళ్ల ఉప్పు వేశాను. మామయ్యగారు తీసుకెళ్లి కాలవలో వదిలేద్దామంటున్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ చేపకు జబ్బు కాదు, ఆకలి. రెండు నెలలుగా అది సరిగ్గా తినలేదు. కడుపు లోపలికి పోయినా ఇంకా బతికే ఉంది కాబట్టి కోలుకునే అవకాశం బాగానే ఉంది. అయితే రేపు, ఎల్లుండి అనుకోకుండా ఇవాళే మొదలుపెట్టాలి.

విప్‌టెయిల్ అద్దాలు తుడిచే చేప కాదు. నోరు కింది వైపు ఉండి, అద్దానికి అతుక్కోగలదు కాబట్టి షాపుల్లో దీన్ని కూడా 'క్లీనర్' అనేస్తారు. నాచును కొద్దిగా గీకుతుంది, నిజమే. కానీ ఆ నాచుతో దాని కడుపు నిండదు. అద్దాల మీద గట్టిగా పట్టిన పచ్చ మచ్చల్ని అది ముట్టుకోను కూడా ముట్టుకోదు. అద్దాలు మీరే ఒక స్పాంజితో వారానికోసారి తుడుచుకోవాలి, రెండు నిమిషాల పని. ఈ చేపను మాత్రం మిగతా చేపల్లాగే తిండి పెట్టి పెంచాలి.

ఇప్పుడు మీ తొట్టెలో జరుగుతున్నది ఊహించండి. మీరు తిండి వేయగానే గోల్డ్‌ఫిష్‌లు, బార్బ్‌లు పైనే అందుకుంటాయి. కిందికి జారిన నాలుగు మెతుకుల్నీ గోల్డ్‌ఫిష్‌లు రాళ్ల సందుల్లోంచి ఏరుకుంటాయి. విప్‌టెయిల్ ఆ గుంపులోకి దూరదు. పోట్లాడదు, అలగదు, పైకి వచ్చి నోరు తెరవదు. ఉన్నచోటే ఉండి చిక్కిపోతుంది. ఎవరి జోలికీ పోదన్న మంచి గుణమే దానికి ఇక్కడ చేటైంది. నా మొదటి విప్‌టెయిల్‌ను నేను ఇలాగే పోగొట్టుకున్నాను. కదలకుండా ఉంటే హాయిగా ఉందనుకున్నాను. ఒక రోజు అది అద్దానికి అతుక్కున్నప్పుడు కింది వైపు చూస్తే కడుపు చెంచాలా గుంట పడి ఉంది. అప్పటికే ఆలస్యమైంది. అందుకే మీ ఉత్తరం చూడగానే మిగతావి పక్కన పెట్టి దీనికి జవాబు రాస్తున్నాను.

ముందు దాన్ని వేరు చేయండి. ఇంట్లో సబ్బు తగలని ప్లాస్టిక్ టబ్బు, 30 లీటర్లు పట్టేది ఉంటే చాలు. అక్వేరియం నీళ్లే అందులో పోయండి. ఎయిర్ పంపుకు ఒక చిన్న స్పాంజ్ ఫిల్టర్ తగిలించండి. మీ పెద్ద ఫిల్టర్‌లోని పాత స్పాంజి ముక్క కొంచెం కత్తిరించి టబ్బులో వేయండి. చేపల రెట్టలోంచి వచ్చే అమోనియాను విరగ్గొట్టే మంచి బ్యాక్టీరియా ఆ ముక్కలో ఉంటుంది. దాన్ని కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అయినా టబ్బు కొత్తది కాబట్టి రోజూ మూడో వంతు నీళ్లు మార్చండి. మున్సిపల్ నీళ్లయితే బకెట్లో పట్టి యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపాకే పోయండి. టబ్బులో ఒక పీవీసీ పైపు ముక్క పెట్టండి, అది దాక్కోవడానికి. టబ్బు మీద సగం వరకు ఒక బట్ట కప్పండి.

రాత్రి గదిలో లైట్లు ఆర్పిన అరగంటకు, నీళ్లలో మునిగే వేఫర్ బిళ్ల సగం ముక్క దాని మూతికి దగ్గరగా వేయండి. షాపులో 'సింకింగ్ వేఫర్' అని అడిగితే ఇస్తారు. పైన తేలే గుళికలు వద్దు. జ్వరం తగ్గిన పిల్లవాడికి జావతో మొదలుపెట్టినట్టు మొదటి మూడు నాలుగు రోజులు కొంచెం కొంచెంగానే పెట్టండి. పొద్దున మిగిలిపోయిన ముక్కను తీసేయండి. రెండో రోజు నుంచి ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్ గడ్డలో చిన్న ముక్కను కరిగించి వేయండి. ఆ ఎర్ర పురుగుల వాసనకు ఎంత నీరసంగా ఉన్న విప్‌టెయిల్ అయినా సాధారణంగా లేచి వస్తుంది. షాపుల్లో కవర్లలో అమ్మే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం కొనకండి. అవి ఎక్కువగా మురుగు నీళ్లలోంచి తీసినవి. చిక్కిపోయిన చేపకు లేని రోగం తెచ్చిపెడతాయి.

తర్వాత మన వంటింటి కూరలు కూడా పెట్టొచ్చు. కీర దోస చక్రం, పాలకూర ఆకు, పొట్టు తీసిన పచ్చి బఠాణీ, గుమ్మడికాయ పలుచని ముక్క. వీటిలో ఏదైనా ఉప్పు లేకుండా ఒక నిమిషం మరిగే నీళ్లలో వేసి తీసి, చల్లారాక, ఒక స్టీలు ఫోర్కుకు గుచ్చి అడుగున ఉంచండి. పురుగుమందుల భయం ఉంది కాబట్టి కూర బాగా కడిగి, చెక్కు తీయగలిగినవి తీసేయండి. చాలామంది ఈ చేపను పూర్తి శాకాహారి అనుకుని దోసకాయ ఒక్కటే పెడతారు. అది సరిపోదు. మామూలు విప్‌టెయిల్‌కు పురుగు తిండి, కూర రెండూ కావాలి.

మామూలు విప్‌టెయిల్ అని ఎందుకన్నానంటే, ఆ పేరుతో షాపుల్లో రెండు మూడు రకాలు వస్తాయి. శరీరం బల్లపరుపుగా, గోధుమ రంగు మచ్చలతో, 10 నుంచి 12 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయేది రైనెలోరికేరియా జాతి. ఎర్రటి రంగులో ఉంటే దాన్ని రెడ్ లిజార్డ్ అంటారు, అదీ ఈ జాతిదే. ముక్కు ముందుకు పొడుచుకు వచ్చి, వీపు మీద రెక్క తెరచాపలా నిలబడి, 18, 20 సెంటీమీటర్ల దాకా పెరిగేది రాయల్ విప్‌టెయిల్. ఇక పెన్సిల్ కంటే సన్నగా అచ్చం ఎండు పుల్లలా ఉండేది ఫార్లోవెల్లా. ఈ చివరి రెండింటికీ తిండిలో కూర, నాచు వంతు ఎక్కువ ఉండాలి. ఫార్లోవెల్లా మరీ సున్నితం, కొత్తవాళ్లకు నేను చెప్పను. మీరు 'పుల్లముక్కలా' అన్నారు కాబట్టి ఒకసారి పోల్చి చూసుకోండి. 'రంగురాళ్ల మీద పడి ఉంటుంది' అనడం వల్ల మొదటి రకమే అయి ఉంటుందని అనుకుంటున్నాను. ఫార్లోవెల్లా అయితే కొమ్మల మీద, అద్దాల మీద ఎక్కువగా ఉంటుంది.

వీటి సొంత ఊరు దక్షిణ అమెరికా. అక్కడి నదుల్లో, ఇసుక అడుగున, రాలిన ఆకుల మధ్య, పడిపోయిన కొమ్మల మీద బతుకుతాయి. పక్షి పైనుంచి చూసినా పెద్ద చేప పక్కనుంచి చూసినా పుల్ల అనుకోవాలి, అదే వాటి రక్షణ. కాబట్టి పగలు కదలకపోవడం దాని స్వభావమే అని అత్తయ్యగారికి చెప్పండి. బాబుకు ఇంకో సంగతి చూపించండి. దాని కన్ను దగ్గరగా చూస్తే నల్లపాప మీదికి పైనుంచి ఒక చిన్న పొర దిగి ఉంటుంది. వెలుతురులో ఆ పొర పెద్దదై కాంతిని ఆపుతుంది, చీకట్లో ముడుచుకుంటుంది. ఒంటి మీద పొలుసులకు బదులు ఎముక పలకలు ఉంటాయి. వీటి కుటుంబానికి లొరికారిడే అనే పేరు రావడానికి కూడా అదే కారణం. లాటిన్‌లో 'లొరికా' అంటే కవచం. విప్‌టెయిల్ అన్న పేరేమో చర్నాకోల లాంటి తోక పోగు వల్ల, దాని సంగతి మీరే రాశారు.

ఆ పోగు తెగిందంటే నా అనుమానం టైగర్ బార్బ్‌ల మీదే. వేలాడే రెక్క, పోగు ఏది కనిపించినా కొరకడం వాటి అలవాటు. పోగు లేకపోయినా చేపకు ప్రాణభయం ఏమీ లేదు. తెగినచోట దూదిలా తెల్లగా పట్టకుండా చూసుకుంటే చాలు. నీళ్లు శుభ్రంగా ఉంటే మామూలుగా పట్టదు.

ఉప్పు గురించి కంగారు పడకండి. 3 అడుగుల తొట్టెలో పట్టే నీటికి గుప్పెడు ఉప్పు కొంప ముంచేంత కాదు. ఇక మీదట వేయొద్దు, అంతే. ఉప్పు ఆవిరైపోదు, కాబట్టి రోజుకు పావు వంతు చొప్పున మూడు రోజులు నీళ్లు మారిస్తే సగానికి పైగా తగ్గిపోతుంది. ఉప్పు కంటే నాకు భయం షాపు సీసాల మందులతో. రాగి ఉన్న మందులు ఈ క్యాట్‌ఫిష్‌లకు సరిపడవు. రోగం ఏమిటో తెలియకుండా నీలం మందో, పచ్చ మందో పోస్తే ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియా కూడా దెబ్బతినవచ్చు. మూడు వారాలు బాగా తింటున్నా కడుపు అలాగే లోపలికి ఉంటే అప్పుడు కడుపులో పురుగులు ఉన్నాయేమో అనుకోవాలి. దానికి మందు చేపల వైద్యం తెలిసినవారి సలహాతోనే వాడాలి.

ఇప్పుడు అసలు తొట్టె సంగతి. ఇది మీకు కష్టంగా ఉండొచ్చు, అయినా దాచకుండా చెబుతాను. గోల్డ్‌ఫిష్‌లు, విప్‌టెయిల్ ఒక చోట ఉండటం కుదరదు. 4 గోల్డ్‌ఫిష్‌లకే ఆ తొట్టె ఇరుకు. అవి పెరిగేకొద్దీ వేసే రెట్ట, తినే తిండి రెండూ పెరుగుతాయి. బార్బ్‌ల సంగతి చెప్పాను. బాబుకు గోల్డ్‌ఫిష్‌ల మీదే ప్రాణమైతే విప్‌టెయిల్ కోలుకున్నాక దాన్ని షాపుకు తిరిగి ఇచ్చేయండి, లేదా శాంతమైన తొట్టె ఉన్న ఎవరికైనా ఇవ్వండి. విప్‌టెయిల్‌నే ఉంచుకోవాలనుకుంటే మిగతావాటికి వేరే ఏర్పాటు చూసి, ఈ తొట్టెను దానికి తగ్గట్టు మార్చండి. నన్నడిగితే రెండోదే చేయమంటాను. 3 అడుగుల తొట్టె విప్‌టెయిల్‌కు చక్కగా సరిపోతుంది, కావాలంటే దానికి తోడుగా మరో రెండు కూడా ఉండొచ్చు. మగవి రెండుంటే చోటు కోసం కాసేపు తోసుకుంటాయి తప్ప గాయాలు చేసుకోవు. పైన తిరగడానికి నియాన్ టెట్రాలో, కార్డినల్ టెట్రాలో 10, అడుగున కోరిడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్‌లు 5 ఉంటే ఎవరికీ ఎవరితోనూ పేచీ రాదు. పసుపు రంగులో 'గోల్డెన్ సకర్' అని అమ్మే చైనీస్ ఆల్గే ఈటర్‌ను మాత్రం పొరపాటున కూడా తేవద్దు. పెరిగాక అది ఇలాంటి చదునైన చేపల మీద ఎక్కి ఒంటి జిగురును పీలుస్తుంది.

రంగురాళ్లు తీసేసి ఇసుక వేయాలి. కడుపు నేలకు ఆనించి బతికే చేప ఇది. రాళ్ల అంచులు కడుపును, మూతిని గీరుతాయి. తిండి సందుల్లో పడితే దానికి అందదు, అక్కడే కుళ్లుతుంది. ప్లాస్టరింగ్‌కు జల్లించే సన్నటి ఏటి ఇసుక ఒక బకెట్ దొరికితే సరిపోతుంది. నీళ్లు తేటగా వచ్చేదాకా పదిసార్లయినా కడగండి. రోబో శాండ్ వద్దు, అది పిండి చేసిన రాయి, అంచులు పదునుగా ఉంటాయి. సూర్యలంక వెళ్లినప్పుడు సముద్రపు ఇసుక తెస్తానని ఎవరైనా అంటే అదీ వద్దు. దానిలోని గవ్వల పొడి నీటిని కఠినం చేస్తుంది. అంగుళం మందం చాలు. రాళ్లన్నీ ఒక్కరోజే తీయకండి, వాటికీ మంచి బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. సగం ఈ వారం, సగం పై వారం తీయండి.

దాక్కోవడానికి ఒక డ్రిఫ్ట్‌వుడ్ కొమ్మ, నాలుగు పైపు ముక్కలు పెట్టండి. బాగా ఎండి, బెరడు తీసిన జామ కొమ్మ కూడా పనికొస్తుంది. వీధిలో బాదం చెట్టు ఉంటే రాలి ఎండిన ఆకులు రెండు కడిగి వేయండి. నీళ్లు లేత టీ రంగుకు తిరుగుతాయి, చేపకు అది సొంతింటి నీటిలా ఉంటుంది. దుమ్ము, పొగ పట్టే రోడ్డు పక్క చెట్టు ఆకులు మాత్రం వద్దు.

నీటి విషయంలో ఈ చేప రాజీపడదు. వారానికోసారి పావు వంతు నుంచి మూడో వంతు దాకా మార్చడం తప్పనిసరి. టెస్ట్ కిట్ కొంటే అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. బోరు నీళ్లు కఠినంగా ఉన్నాయని దిగులు పడేవాళ్లుంటారు. ఇప్పుడు షాపుల్లోకి వచ్చేవి చాలా వరకు తొట్టెల్లో పుట్టి పెరిగినవే, మరీ ఉప్పు నీళ్లు కాకపోతే అలవాటు పడతాయి. ఒక వారం బోరు, ఒక వారం ఆర్‌వో అని మార్చి మార్చి పోయడమే చెరుపు.

మీ ఊళ్లో నాకు అసలు భయం ఎండాకాలంతో. ఈ చేపకు 24 నుంచి 26 డిగ్రీల నీరు హాయి. మే నెలలో గుంటూరులో తలుపులు వేసిన గదిలో తొట్టె నీరు 32 దాటినా ఆశ్చర్యం లేదు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 8 మిల్లీగ్రాములకు పైగా కరిగే ప్రాణవాయువు, 32 దగ్గర 7.3కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి చేప ఒంటికి ప్రాణవాయువు ఎక్కువ కావాల్సి వస్తుంది. భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల రైతులు తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు తిప్పుతారో మీకు తెలిసే ఉంటుంది. రాత్రంతా నాచు, మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి పొద్దు పొడవక ముందు నీటిలో అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. మీ తొట్టెలోనూ అదే జరుగుతుంది. అందుకని ఎయిర్ పంపు రాత్రి ఆపొద్దు. చప్పుడుకు నిద్ర పట్టడం లేదని ఆపేసే ఇళ్లు నేను చాలా చూశాను. దాని కింద మెత్తటి బట్ట మడత పెడితే చప్పుడు తగ్గుతుంది.

ఎండలు ముదిరాక తొట్టె మూత తీసి, వల కప్పి, చిన్న టేబుల్ ఫ్యాన్ గాలి నీటి మీదకు తగిలేలా పెట్టండి. నీరు ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. ఉక్కపోత రోజుల్లో అంత తగ్గదు. తగ్గిన నీటిని రోజూ భర్తీ చేయండి. ఐసు గడ్డలు నేరుగా వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే అదే దెబ్బ. పంపును ఇన్వర్టర్ లైనుకు కలపండి, అది వాడే కరెంటు ఎంతో కాదు. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి. బాగా వేడిగా ఉన్న రోజుల్లో తిండి సగానికి తగ్గించండి.

మామయ్యగారికి నా నమస్కారాలు చెప్పి, కాలవలో వదలొద్దని గట్టిగా చెప్పండి. ఆయన జాలితోనే అని ఉంటారు. ఈ చిక్కిన చేప కాలవలో బతకడం కష్టం. అది ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ని కాదు. అక్వేరియంలో పెద్దదైందని జనం చెరువుల్లో, కాలవల్లో వదిలేసిన సకర్ చేప ఈ విప్‌టెయిల్‌కు దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబం. నీటిలో ప్రాణవాయువు తగ్గినా సకర్ పైకి వచ్చి గాలి మింగి బతుకుతుంది. దాని ముళ్లకు వలలు చిరుగుతున్నాయి, గట్లలో బొరియలు చేస్తుంది, బజారులో దాన్ని కొనేవాడు లేడు. జాలరులు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. ఇవాళ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ చాలా చెరువుల్లో అది కనిపిస్తోంది. అందుకని గోల్డ్‌ఫిష్‌లైనా, బార్బ్‌లైనా, విప్‌టెయిలైనా సరే, ఇంట్లో పెంచిన చేప ఏదీ బయటి నీటిలోకి పోకూడదు.

రోజూ రాత్రి పడుకునే ముందు చేపను చూసే పని బాబుకు అప్పగించండి. ఒక చిన్న టార్చి ఇవ్వండి. చేప అద్దానికి అతుక్కున్నప్పుడు కింది నుంచి కడుపు చూడమనండి. గుంటగా ఉంటే ఆకలి, సమంగానో కొంచెం ఉబ్బెత్తుగానో ఉంటే బాగున్నట్టు. ఒక నోట్‌బుక్కులో తేదీ వేసి ఆ ఒక్క మాట రాయమనండి. టబ్బులో అద్దం ఉండదు కాబట్టి అక్కడున్నన్నాళ్లూ వారానికోసారి పారదర్శకమైన డబ్బాలోకి నీటితో సహా తీసుకుని చూడండి. వలతో పట్టకండి, దవడల దగ్గర ఉండే సన్నటి ముళ్లు వలలో చిక్కుకుంటాయి.

ఆ ముళ్లు బుగ్గల మీద గడ్డంలా దట్టంగా ఉంటే మీది మగచేప. కోలుకున్నాక దానికి ఒక ఆడచేప తోడు తెస్తే, అంగుళం పావు పైపు ముక్కలో గుడ్లు పెట్టించి, వాటి మీద తనే కూర్చుని రెక్కలతో విసురుతూ దాదాపు వారం పాటు కాపలా కాస్తుంది. ఆ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం. ముందు ఈ రాత్రి వేఫర్ ముట్టుకుందో లేదో నాకు రాయండి. మూడు వారాల తర్వాత బాబు నోట్‌బుక్కు పేజీ కూడా పంపండి.